అతుకులు దాచని చరిత్ర

‘భారత్ ఏక్ ఖోజ్’లో ప్రతి భాగమూ ఒక సందేహంతో మొదలవుతుంది. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం మొదట సంస్కృతంలో, ఆ వెంటనే హిందీలో బృందగానంగా వినిపిస్తుంది. ఈ సృష్టి ఎలా పుట్టిందో పైనున్నవాడికైనా తెలుసో లేదో అని అడిగే సూక్తమది. హిందీ అనువాదం వసంత్ దేవ్‌ది, సంగీతం వన్‌రాజ్ భాటియాది. దేశ చరిత్ర చెప్పబోయేవాళ్ళు సాధారణంగా శంఖం ఊది, జెండా ఎగరేసి కథ ఎత్తుకుంటారు. శ్యామ్ బెనెగల్ ‘ఎవరికి తెలుసు?’ అన్న ప్రశ్నతో ఎత్తుకున్నారు. 1988లో దూరదర్శన్‌లో మొదలైన ఈ 53 భాగాల ధారావాహికను బడిపిల్లల కోసమని తీయలేదు. అయినా ఇంట్లో కూర్చుని చరిత్ర చూడవలసిన బడిపిల్లలకు ఇంతటి పనితనం ఉన్న చిత్రం మన దేశంలో మరొకటి రాలేదని నా నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు బేరిగై నుంచి చూస్తే మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

కృష్ణగిరి జిల్లాలో, కర్ణాటక ఎల్ల పక్కనే ఉన్న ఊరు బేరిగై. దక్షిణాన శూలగిరి, పడమటికి పోతే హొసూరు, ఉత్తరాన ఎల్ల దాటితే మాలూరు. ఇక్కడి తెలుగిళ్ళ పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో కన్నడం మామూలు సంగతి. తమిళనాడు ప్రభుత్వం 2006లో తెచ్చిన చట్టంతో తరగతి తర్వాత తరగతిగా పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. కాబట్టి చరిత్ర పుస్తకంలో ఒక భాషలో ఉంటుంది, అవ్వ చెప్పే కోట కథ మరో భాషలో ఉంటుంది. 2019 ఆగస్టు 26న ఆ ప్రభుత్వమే ‘కల్వి తొలైక్కాట్చి’ అనే విద్యా చానెల్‌ను మొదలుపెట్టింది. మరుసటి ఏడు కరోనాతో బళ్ళు మూతపడ్డప్పుడు ఆ చానెల్ ఇళ్ళలోకి పాఠాలు తెచ్చింది. పరీక్షకు చదివే పిల్లలకు అది మేలు చేసింది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే పాఠం చెప్పడం వేరు, చరిత్రను ఎవరు, దేన్ని చూసి, ఎంత నమ్మకంగా చెబుతున్నారో పసిగట్టే చూపు ఇవ్వడం వేరు. ఆ రెండో పనిని బెనెగల్ ముప్పై ఏళ్ళ ముందే చేసిపెట్టారు.

ఎలా చేశారన్నదే అసలు విషయం. ఈ ధారావాహికలో చరిత్ర మూడు దారుల్లో వస్తుంది. ఒకటి, ఈ ధారావాహికకు మూలమైన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ పుస్తకం రాసిన నెహ్రూ. 1982లో అటెన్‌బరో తీసిన ‘గాంధీ’లో నెహ్రూగా వేసిన రోషన్ సేఠ్ ఇక్కడా నెహ్రూగా కనిపిస్తారు, కెమెరా వైపు చూసి తన అభిప్రాయం తానే చెబుతారు. రెండోది ఓంపురి గొంతు. శిథిలాలు, శిల్పాలు, గుళ్ళు తెర మీద కదులుతుంటే ఆ గొంతు విషయం వివరిస్తుంది. మూడోది నటులు ఆడి చూపించే ఘట్టాలు. మామూలు దర్శకుడైతే ఈ మూడింటినీ కలిపి నూరి, ఏది ఎక్కడిదో తెలియకుండా ఒకే ముద్ద చేస్తాడు. బెనెగల్ అతుకులను బయటికే ఉంచారు. ఇది నెహ్రూ అనుకున్నది, ఇది రాయి మీద ఉన్నది, ఇది కవి కట్టిన కథ అని ఏ భాగం చూసినా విడివిడిగా తెలుస్తుంది. పన్నెండేళ్ళ పిల్లలకు ఈ తేడాను ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పనక్కర్లేదు. నాలుగైదు భాగాలు చూసేసరికి కళ్ళకే అలవాటు పడుతుంది.

ఆడి చూపించే ఘట్టాల విషయంలో ఆయన తీసుకున్న జాగ్రత్త మరీ గొప్పది. ఢిల్లీ సుల్తానుల కాలానికి కేటాయించిన భాగాలు రెండు కావ్యాల మీద నడుస్తాయి. ఒకటి ‘పృథ్వీరాజ్ రాసో’, రెండోది ‘పద్మావత్’. కావ్యం పేరు దాచి, ఇదే జరిగింది అని చూపించే పని ఇక్కడ లేదు. అలాఉద్దీన్ ఖిల్జీ చిత్తోడ్‌ను పట్టుకున్నది 1303లో. మలిక్ మహమ్మద్ జాయసీ ‘పద్మావత్’ రాసింది 1540లో. మధ్యలో 237 ఏళ్ళు. అంటే తెర మీద మనం చూస్తున్నది పదమూడు వందల నాటి చిత్తోడ్‌ను కాదు, పదహారో శతాబ్దపు సూఫీ కవి మనసులోని చిత్తోడ్‌ను. ఈ ఒక్క సంగతి బళ్ళో అర్థమైన పిల్లలు పెద్దయ్యాక ఏ సినిమా గొడవలోనూ దారి తప్పరు. ఆ కావ్య నాయిక పద్మిని పేరు మీద దేశంలో ఆ మధ్య ఎంత రభస జరిగిందో గుర్తు చేసుకుంటే ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది.

మౌర్యుల తర్వాత దక్షిణానికి వచ్చినప్పుడు ‘సిలప్పదికారం’ రెండు భాగాలు తీసుకుంది. కోవలన్ కథ, కణ్ణగి కోపం, మధుర మంటలు. బేరిగైలో తెలుగింటి పిల్లకు కణ్ణగి తమిళ వాచకంలో పరిచయమైన మనిషి. పరాయి భాష పుస్తకంలో మార్కుల కోసం చదివిన ఆ కథ, దేశమంతా చూసిన ధారావాహికలో అశోకుడి పక్కన, అక్బర్‌తో సమానంగా కూర్చుని కనిపిస్తే ఆ పిల్లకు ఏమనిపిస్తుందో ఊహించండి. తన బడి భాష చిన్నదేమీ కాదని తెలుస్తుంది. అదే సమయంలో, రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ లేకుండా ఒక వర్తకుడి ఇల్లు, ఒక నాట్యకత్తె, ఒక కాలి అందె ఆధారంగా కూడా ఒక కాలపు బతుకు చెప్పవచ్చని తెలుస్తుంది. నెహ్రూ పుస్తకం ఉత్తరాది మనిషి పుస్తకం, దక్షిణానికి అందులో దక్కిన చోటు తక్కువ. చోళులకు రెండు భాగాలు, విజయనగరానికి రెండు భాగాలు, సంగం కాలానికి రెండు భాగాలు ఇచ్చి బెనెగల్ ఆ లోటును చాలావరకు పూడ్చారు.

ఆ పని చేయగలగడానికి ఆయన పుట్టి పెరిగిన చోటు కూడా ఒక కారణమై ఉంటుంది. 1934 డిసెంబరు 14న సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టిన కొంకణి కుటుంబీకుడు. హైదరాబాదులో చదువుకున్నారు. మొదటి సినిమా ‘అంకుర్’ తెలంగాణ పల్లెలో సాగే కథ. 1978లో తెలుగులో ‘అనుగ్రహం’ తీశారు. ‘సుస్మన్’ పోచంపల్లి నేతగాళ్ళ కథ. అంటే ఒక ఇంట్లో రెండు మూడు భాషలు వినిపించడం ఆయనకు కొత్త కాదు, బేరిగై పిల్లలకు కొత్త కానట్టే.

పిల్లలకు తెర మీద ఎలా చెప్పాలన్న విద్యను ఆయన శ్రద్ధగా నేర్చుకున్నారన్నది చాలామందికి తెలియని సంగతి. 1970ల మొదట్లో హోమీ భాభా ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్ళి, ‘సెసమీ స్ట్రీట్’ తీసిన చిల్డ్రన్స్ టెలివిజన్ వర్క్‌షాప్‌లో పనిచేశారు. తర్వాత బోస్టన్‌లోని ప్రజా టెలివిజన్ కేంద్రంలో పనిచేశారు. ఆయన తిరిగి వచ్చాక, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు మన దేశంలో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్నాయి. ఆ ప్రయోగం కోసం యూనిసెఫ్ తోడ్పాటుతో బెనెగల్ 21 చిన్న చిత్రాలు తీశారు. పల్లె పిల్లలతో, జానపద కళాకారులతో కలిసి చేసిన ఆ పని నుంచే ‘చరణ్‌దాస్ చోర్’ సినిమా పుట్టింది. పిల్లలను కూర్చోబెట్టాలంటే గట్టిగా అరవనక్కర్లేదు, వాళ్ళకు తెలిసిన కళారూపంలో చెబితే చాలన్న పాఠం ఆయనకు అక్కడే అబ్బి ఉంటుంది.

ఆ పాఠం మహాభారతం దగ్గర పనికొచ్చింది. ఛత్తీస్‌గఢ్ పండవాని గాయని తీజన్ బాయి చేతిలో తంబూరా పట్టుకుని భీముడూ తానే, ద్రౌపదీ తానే, దుశ్శాసనుడూ తానే అయి కథ చెబుతుంది. బుర్రకథ, హరికథ తెలిసిన తెలుగువాళ్ళకు ఇది ఏమీ వింత కాదు. ఒక మనిషి చెబుతున్న కథ ఇది అన్న ఎరుక ప్రేక్షకుడిని వదిలిపోదు. అదే ఏళ్ళలో దూరదర్శన్‌లో ఆదివారాల పూట రామాయణం, ఆ తర్వాత మహాభారతం ధారావాహికలు వస్తుండేవి. టీవీ ముందు కొబ్బరికాయలు కొట్టిన కాలమది. రాముడి వేషం వేసిన నటుడు ఎక్కడికి వెళ్ళినా జనం దండం పెట్టేవారు. ఆ భక్తిని నేను తప్పు పట్టను. అయితే చరిత్రకు కావలసింది వేరే చూపు. బెనెగల్ చిత్రంలో సలీం ఘౌస్ ఒకచోట రాముడు, మరోచోట కృష్ణుడు, 40వ భాగంలో టిప్పు సుల్తాన్. కథ చెప్పే ఓంపురి గొంతే దుర్యోధనుడిగా పలుకుతుంది, అశోకుడిగా పలుకుతుంది, ఔరంగజేబుగా పలుకుతుంది. నసీరుద్దీన్ షా శివాజీ, కుల్‌భూషణ్ ఖర్బందా అక్బర్. ఒక చిన్న నాటక సమాజం ఊరి మధ్య రాత్రంతా ఆడే పద్ధతి ఇది. తెల్లవారేలోపు ఒకే మనిషి మూడు కిరీటాలు మారుస్తాడు, చూసేవాళ్ళు ఎవరూ మోసపోరు. ఏ ముఖమూ ఏ రాజుకూ అతుక్కుపోకపోవడం వల్ల పిల్లల మనసులో చరిత్ర పురుషుడు పూర్తిగా గడ్డకట్టడు. ఔరంగజేబు అంటే ఒకే ఒక్క క్రూరమైన ముఖం గుర్తుకు రావడం, శివాజీ అంటే ఒకే ఒక్క పోస్టరు గుర్తుకు రావడం ఎంత ప్రమాదమో తెలిసినవాళ్ళకు ఈ వేషాల మార్పిడి ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన ఏర్పాటుగా కనిపించదు.

డబ్బు తక్కువే. అది తెర మీద తెలుస్తూనే ఉంటుంది. వేల సైన్యం ఉండదు, ఏనుగుల బారులు ఉండవు. అయినా బొమ్మ పేలవంగా ఉండదు. ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి. గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’లో స్టూడియో చీకట్లోకి వెలుగు స్తంభాన్ని దించిన మైసూరు మనిషి ఆయన. తర్వాత ఫాల్కే పురస్కారం అందుకున్నారు. అంతటి పనివాడు ఒక టీవీ ధారావాహికకు నెలల తరబడి కూర్చున్నాడంటే అది మన అదృష్టం. కళా దర్శకుడు నితీశ్ రాయ్. తర్వాతి కాలంలో హైదరాబాదు పక్కన రామోజీ ఫిల్మ్ సిటీకి రూపం ఇచ్చింది ఈయనే. సెట్టు చిన్నది, కాబట్టి యుద్ధం కన్నా సభ, సభ కన్నా ఇద్దరి మధ్య మాట ముఖ్యమయ్యాయి. ఇక్కడ పేదరికమే మేలు చేసింది. కత్తుల మోత తగ్గేసరికి ఎందుకు యుద్ధం వచ్చింది, పన్ను ఎవరు కట్టారు, గెలిచాక ఎవరికి ఏం దక్కింది అన్నవి వినిపిస్తాయి. నేటి చరిత్ర సినిమాల్లో కంప్యూటరు గీసిన సైన్యాల వెనక ఈ ప్రశ్నలే కనిపించకుండా పోతున్నాయి.

అమెరికాలో 1990లో కెన్ బర్న్స్ వాళ్ళ అంతర్యుద్ధం మీద తొమ్మిది భాగాల చిత్రం తీశాడు. పాత ఫొటోల మీద కెమెరాను నెమ్మదిగా జరుపుతూ, సైనికుల ఉత్తరాలు చదివిస్తూ నడిపాడు. అద్భుతమైన పని. అయితే ఆయనకు ఫొటోలు ఉన్నాయి, ఉత్తరాలు ఉన్నాయి. హర్షుడి కాలానికి, రాజరాజ చోళుడి కాలానికి మనకు ఉన్నవి రాళ్ళు, రాగి రేకులు, కావ్యాలు, విదేశీ యాత్రికుల మాటలు. ఉన్న ఆధారాన్ని బట్టి పద్ధతి మారాలి. రాయి ఉన్నచోట రాయిని, కావ్యం ఉన్నచోట కావ్యాన్ని చూపించి, అవి ఒకటి కావని గుర్తు చేయడమే మన దేశానికి సరిపడే పద్ధతి. అది బెనెగల్ బృందానికీ, షమా జైదీ, అతుల్ తివారీ వంటి రచయితలకూ బాగా తెలుసు.

మూల పుస్తకం పట్ల కూడా వాళ్ళు గుడ్డి భక్తి చూపలేదు. ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ను నెహ్రూ 1944 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అయిదు నెలల్లో అహ్మద్‌నగర్ కోట జైల్లో రాశారు. తోటి ఖైదీల్లో మౌలానా ఆజాద్, నరేంద్రదేవ్ ఉన్నారు, మన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఉన్నారు. పట్టాభి అక్కడి రోజులను ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ పేరుతో పుస్తకం చేశారు. ఇక్కడే ఒక మాట. హొసూరు పక్కన తొరపల్లిలో 1878 డిసెంబరు 10న పుట్టిన రాజాజీ ఆ జైల్లో లేరు. క్విట్ ఇండియా తీర్మానంతో విభేదించి 1942లోనే కాంగ్రెసుకు దూరమయ్యారు. స్వాతంత్ర్య పోరాటంలో పెద్దవాళ్ళ మధ్య కూడా ఇంత తేడా ఉండేదని బేరిగై పిల్లలకు చెప్పాలంటే పక్క ఊరి మనిషి ఉదాహరణే చాలు. పుస్తకంలో పెద్దగా చోటు దక్కని జ్యోతిరావు ఫూలేకు ధారావాహికలో ఒక పూర్తి భాగం దక్కింది. సదాశివ్ అమ్రాపుర్కర్ ఫూలేగా వేశారు. దేశం తనను తాను వెతుక్కుంటుంటే, బడి ముఖం చూడనివ్వని పిల్లల వైపు నుంచి ఆ వెతుకులాట ఎలా కనిపించిందో చెప్పకపోతే కథ సగమేనని తీసినవాళ్ళు గ్రహించారు. పుస్తకం అచ్చయిన నలభై ఏళ్ళకు, ఆ పుస్తకాన్ని గౌరవిస్తూనే దిద్దడం ఇది.

మొదటి భాగం పేరు ‘భారత్ మాతా కీ జై’. పల్లెల్లో తిరుగుతూ రైతులను ఈ భారత మాత ఎవరని నెహ్రూ అడిగిన ఘట్టం పుస్తకంలో ఉంది. మట్టి అని ఒక రైతు అంటాడు. ఏ మట్టి, మీ ఊరిదా, జిల్లాదా, దేశానిదా అని ప్రశ్న సాగుతుంది. నెహ్రూ చివరికి మీరంతా కలిసినదే భారత మాత అంటారు. బేరిగై దగ్గర ఈ ప్రశ్న మరో మెలిక తిరుగుతుంది. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు విడిపోయినప్పుడు హొసూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. తెలుగు నోట ఉన్న మట్టి ఒక రాష్ట్రంలో, తెలుగు పేరున్న రాష్ట్రం ఎల్ల అవతల. మట్టిని భాషతో కొలవలేమని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠశాల లేదు.

విజయనగర పతనం భాగం చూశాక పిల్లలను జిల్లాలోని రాయకోట వైపు తిప్పండి. 1565లో తళ్ళికోట దగ్గర ఓడాక రాజధాని పెనుకొండకు మారింది. పెనుకొండను శత్రువుల నుంచి కాపాడినందుకు జగదేవరాయలు అనే సేనానికి కృష్ణగిరి వైపున్న బారామహల్ సీమ దక్కిందన్నది మన వైపు తరతరాలుగా వస్తున్న కథ. కృష్ణగిరికి తూర్పున జగదేవి ఊరు ఇప్పటికీ ఆ పేరు మోస్తోంది. ఇక టిప్పు భాగం తర్వాత అయితే దారి చూపించడం కూడా అక్కర్లేదు. 1791లో కంపెనీ సైన్యం రాయకోటను పట్టుకుంది. 1792 శ్రీరంగపట్నం సంధితో బారామహల్ కంపెనీ చేతికి పోయింది. హొసూరు సీమ 1799లో టిప్పు పడిపోయే దాకా మైసూరు కిందనే ఉంది. బారామహల్‌కు కలెక్టరుగా వచ్చిన అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో ఇక్కడి పొలాలు కొలిచి, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకున్నారు. రైత్వారీ అని ఎనిమిదో తరగతి పుస్తకం చెప్పేది ఆ పద్ధతినే. అది మొదట మొలిచింది ఈ జిల్లా నేలలోనే. ఆ మన్రో తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో కర్నూలు సీమ పత్తికొండలో కలరాతో చనిపోయాడు. రాయలసీమలో ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నారు.

లోపాలు లేవా? ఉన్నాయి. 53 భాగాల్లో శాతవాహనులకు, కాకతీయులకు విడిగా ఒక్క భాగం లేదు. తెలుగువాళ్ళకు అది పెద్ద వెలితి. నడక నెమ్మది, కొన్నిచోట్ల మాటలు బరువు. అన్నిటికన్నా పెద్ద అడ్డు భాష. తమిళనాడు సర్కారు బళ్ళలో హిందీ చెప్పరు. బేరిగై పిల్లలకు మూడు భాషలు వచ్చినా ఈ నాలుగోది రాదు. ధారావాహిక యూట్యూబ్‌లో ప్రసార భారతి ఆర్కైవ్స్ చానెల్లో ఉంది, ఫోను ఉన్న ఇంటికల్లా చేరగలదు. అర్థమయ్యే గొంతు మాత్రం పక్కన ఉండాలి. అమ్మో, నాన్నో, ఎదురింటి అన్నో, బళ్ళో సారో కాస్త ముందుగా చూసి, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య ఆపి, ఇది నెహ్రూ మాట, ఇది శాసనం, ఇది కవి కల్పన అని తెలుగులో చెబుతూ పోవాలి. ఆపి చెప్పడానికి ఇంత వీలుగా ఉన్న చిత్రం మరొకటి లేదు, అతుకులు బయటికే ఉన్నాయి గనుక.

ఒక ఉదాహరణ చెప్తాను. అశోకుడికి రెండు భాగాలున్నాయి, 13, 14. కళింగ యుద్ధం తర్వాత పశ్చాత్తాపం చెప్పే శాసనం పదమూడో బండ శాసనం. దాన్ని అశోకుడు కళింగలో చెక్కించలేదు. ధౌలి, జౌగడ బండల మీద అది లేదు, దాని బదులు వేరే శాసనాలు ఉన్నాయి. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద మాత్రం ఉంది. ఓడిన ఊళ్ళో పలకని మాట దూరాన తెలుగు నేల మీద ఎందుకు పలికాడు? ఈ ప్రశ్న పిల్లల ముందు పెట్టి చూడండి. ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు, ఏ జవాబూ తేలిగ్గా కొట్టివేయలేనిదే. ఓంపురి అశోకుడిగా బాధపడే ఘట్టాన్ని ఆ తర్వాత చూస్తే, అది నటన అనీ, రాయి మీది మాట వేరే ఉందనీ, రెండింటి మధ్య తాము ఆలోచించవలసిన ఖాళీ ఉందనీ వాళ్ళే కనిపెడతారు.

ఇదే పద్ధతిలో కృష్ణగిరి జిల్లా చరిత్ర తీయడానికి సరుకు దండిగా ఉంది. బర్గూరు దగ్గర మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీస్తుపూర్వం 2172 నాటిదని 2022 మేలో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. మల్లచంద్రం కొండ మీద రాతి పలకల సమాధులు ఉన్నాయి. ఆవుల మందల కోసం పోరాడి చనిపోయినవాళ్ళ వీరగల్లులు ఊరూరా ఉన్నాయి, కొన్ని కృష్ణగిరి మ్యూజియంలో ఉన్నాయి. 1792లో ఇటు వచ్చిన ఆంగ్ల చిత్రకారులు డేనియల్‌లు గీసిన రాయకోట బొమ్మ అచ్చులో ఉంది. హొసూరు తెలుగు రచయితలు ఈ నేల మాటను కథల్లో నిలబెట్టారు, చెప్పే గొంతుకు కొదవ లేదు. ఒక మంచి కెమెరా, చరిత్ర చదివిన ఇద్దరు ఉపాధ్యాయులు, అతుకులు దాచకూడదన్న పట్టుదల ఉంటే అరగంట చిత్రం ఇక్కడే తయారవుతుంది.

శ్యామ్ బెనెగల్ 2024 డిసెంబరు 23న వెళ్ళిపోయారు. ఆయన పేరు మీద ప్రసార భారతి చేయగలిగిన మంచి పని ఒకటుంది. ఈ 53 భాగాలకు తెలుగు, తమిళ, కన్నడ గొంతులు పెట్టించి, బళ్ళకు ఉచితంగా ఇవ్వాలి. అది జరిగే దాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం అశోకుడి రెండు భాగాలతో మొదలుపెట్టండి. ఏడో తరగతి పిల్లలకు చోళులు, విజయనగరం చూపించండి, ఎనిమిదో తరగతి వాళ్ళకు టిప్పు, నీలిమందు రైతుల తిరుగుబాటు, ఫూలే చూపించండి. మొత్తం 53 ఒకేసారి చూపించే ప్రయత్నం చేయకండి.